కాలనీలో ఇప్పటికే రెండు క్రైస్తవ సంఘాలున్నాయి, మూడోది మొదలుపెట్టొచ్చా?

మిల్లు షిఫ్ట్:

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది రాజమండ్రి పక్కన. మిల్లులో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. ప్రభుత్వం ఇళ్ల స్థలాలిచ్చిన కాలనీలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. గురువారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. మొదట్లో మేమూ పక్కింటివాళ్లే. ఇప్పుడు వరండా చాలక వాకిట్లో పట్టాలు పరుస్తున్నాం. వచ్చేవాళ్లలో తాపీ పని, పెయింటింగ్ పని చేసేవాళ్లు, ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లే ఎక్కువ.

మేం వెళ్లే మిషన్ చర్చి టౌన్‌లో ఉంది. కుటుంబమంతా ఆటోలో వెళ్లి రావాలంటే ఆ రోజు కూలిలో సగం పోతుందని వీళ్లెవరూ అక్కడికి రారు. "ఆదివారం ఆరాధన కూడా ఇక్కడే పెట్టండి బ్రదర్" అని అడుగుతున్నారు. కానీ కాలనీ మెయిన్ రోడ్డు మీద ఇప్పటికే రెండు రేకుల షెడ్లున్నాయి, రెండూ సంఘాలే. మా చర్చి పాస్టరు అయ్యగారిని అడిగితే "అది చీలిక పని, నీకెందుకు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను బైబిల్ కాలేజీలో చదవలేదు. పిలుపు ఉందనే అనుకుంటున్నాను. మొదలుపెట్టినవాళ్లు, మొదలుపెట్టి మానేసినవాళ్లు చెప్పండి. ఊరికే "ప్రార్థన చేస్తాం" అని వదిలేయకండి.

గుంటూరు లూథరన్:

తమ్ముడూ, సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. పెట్టొద్దు.

మా పేటలో ఒక్క వీధిలోనే ఐదు బోర్డులున్నాయి. ప్రతి బోర్డు మీదా "ఇంటర్నేషనల్" అని ఉంటుంది. లోపలికి తొంగిచూస్తే పాతిక కుర్చీలు. ఆ కుర్చీల్లో ఉన్నది నిన్నటిదాకా మా చర్చిలో కూర్చున్నవాళ్లే. ప్రభువు పేరు అక్కడే మొదటిసారి విన్న మనిషి ఒక్కడు కనిపిస్తే చూపించండి. రోమా పత్రిక 15వ అధ్యాయంలో పౌలు ఇంకొకరి పునాది మీద కట్టనన్నాడు. మీ కాలనీలో ఇప్పటికే రెండు పునాదులు పడ్డాయి కదా.

ఇంకో సంగతి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో దిగినప్పుడు తనంతట తానే వచ్చి బోర్డు పెట్టుకోలేదు. వెనక పెన్సిల్వేనియా లూథరన్లు ఉన్నారు. రూపాయి రూపాయికీ జవాబు చెప్పుకోవాలి. బైబిల్లో అంతియొకయ సంఘం ఉపవాసం ఉండి, చేతులుంచి బర్నబా సౌలులను పంపింది. మిమ్మల్ని పంపుతున్నది ఎవరు? "నాకు పిలుపు ఉంది" అన్నవాణ్ణి మీ అయ్యగారు కాదంటున్నారంటే, పిలిచిందెవరో కాస్త ఆగి చూసుకోవాలి.

రేకుల షెడ్డు కాపరి:

మాస్టారూ, వందనాలు. మీరు చెప్పిన బోర్డుల్లో ఒకటి నాదే అనుకోండి, ఇంటర్నేషనల్ మాత్రం లేదు.

దేవదాసు అయ్యగారు మీ లూథరన్ సంఘంలోంచే బయటికొచ్చి 1938లో బైబిలు మిషను మొదలుపెట్టారు. భక్త్ సింగ్ గారి సహవాసాలు మొదలైన రోజుల్లో మిషన్ చర్చిల్లోంచి కుటుంబాలకు కుటుంబాలే వెళ్లాయి. అప్పుడూ గొర్రెల దొంగలనే తిట్టారు. ఇవాళ హైదరాబాదులో ఆ సహవాసాల కేంద్రం హెబ్రోను అంటే అందరికీ గౌరవమే. పాత సంఘాలన్నీ ఒకనాడు ఎవరో ఒకరికి ఇష్టం లేకుండా మొదలైనవే.

బ్రదర్, మీరు అడిగిందానికి జవాబు. నేను వారంలో ఐదు రోజులు ఆటో నడుపుతాను. మా షెడ్డు అద్దెది. ఆదివారం కానుక పెట్టెలో పడేది అద్దెకీ కరెంటుకీ సరిపోతే ఆ నెల గట్టెక్కినట్టే. దశమ భాగం ఇచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కీబోర్డు వాయించే కుర్రాడికి పెట్రోలు ఖర్చు ఇవ్వాలి, లేకపోతే పక్క సంఘం వాళ్లు స్టేజీ ప్రోగ్రామ్ ఉందని లాక్కుపోతారు. పెద్ద సభలకి నన్నెవరూ పిలవరు. పిలిచినా ముందు వరస కుర్చీ ఉండదు.

మరి ఏముందీ అంటే, ఒకామె సంగతి చెబుతాను. అక్షరం ముక్క రాకుండా మా దగ్గరికి వచ్చింది. పాటలన్నీ విని విని నోటికి వచ్చేశాయి. ఆ వచ్చిన పాటనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో తీసి, పాడుతూ ఒక్కో మాట కింద వేలు జరుపుకుంటూ పోయేది. "ఇది య, ఇది హో" అని మా పాప పక్కన కూర్చుని చెప్పేది. ఇప్పుడు వాళ్ల డ్వాక్రా గ్రూపు లెక్కల పుస్తకం ఆమే రాస్తోంది. బ్యాంకులో మేనేజరు ఎక్కడ సంతకం పెట్టమన్నా ముందు చదివి గానీ పెట్టదు. మీ పెద్ద చర్చిలో వెనక బెంచీలో కూర్చునుంటే ఆమె పేరు కూడా ఎవరికీ తెలిసేది కాదు మాస్టారూ.

పక్కవీధి వాణ్ణి:

నేను క్రైస్తవుణ్ణి కాను. ఎవరో లింకు పంపితే చూశాను. ఒక్క మాట చెప్పి పోతాను. మా వీధిలో ఇలాగే ఒక ఇంట్లో ప్రార్థన మొదలైంది. మొదట్లో మాకేమీ ఇబ్బంది లేదు, వాళ్లూ మంచివాళ్లే. తర్వాత మేడ మీదికి రెండు సౌండ్ బాక్సులు ఎక్కాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థన పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలకి చదువుకుంటోంది. వెళ్లి చెబితే "సంఘాన్ని హింసిస్తున్నారు" అని మైకులోనే నా పేరు చెప్పకుండా ప్రార్థన చేశారు. మా వీధి రామాలయంలో ధనుర్మాసం మైకు మీద కూడా నేను గొడవ పడ్డానని వాళ్లకి తెలియదు. మీరు సంఘం పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముప్ఫైమంది ఉన్న వాకిట్లో మైకు దేనికో అది మాత్రం చెప్పండి.

రేకుల షెడ్డు కాపరి:

పక్కవీధి అన్నా, మీరన్నది నిజం. ముప్ఫైమందికి మైకు అక్కర్లేదు. వినబడక కాదు, ఉందని తెలియాలని పెడతాం. నేనూ పెట్టాను, ఇప్పుడు లోపలికి మాత్రమే వినబడేలా ఉంది.

పాస్టరమ్మ:

అందరూ పిలుపు గురించి, పునాది గురించి మాట్లాడుతున్నారు. మిల్లు షిఫ్ట్ తమ్ముడూ, మీ ఆవిడ ఏమంటోంది? మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను, ఎక్కడా ఆమె ఊసు లేదు.

నేను ఎందుకు అడుగుతున్నానంటే, సంఘం ఇంట్లో మొదలైతే ఇల్లు ఇక ఇల్లుగా ఉండదు. శనివారం రాత్రి వాకిలి కడిగి ముగ్గేయకుండా (వేస్తే ఒకళ్లు అడుగుతారు, వేయకపోతే పక్కింటివాళ్లు అడుగుతారు) కుర్చీలు తుడుచుకోవాలి. ఆదివారం పొద్దున నాలుగింటికి లేస్తే టీ కాచే గిన్నె, గ్లాసులు, ఆ తర్వాత సండే స్కూల్ పిల్లలు. ఆరాధన అయిపోయాక ఎవరో ఒకరు వంటింట్లోకి వచ్చి "అమ్మగారూ, కొంచెం మాట్లాడాలి" అంటారు. మొగుడు కొట్టాడని ఒకరు, కూతురు వెళ్లిపోయిందని ఒకరు. కూర మాడిపోతుంది. నేను కొత్త చీర కడితే కానుక డబ్బులంటారు. పాత చీర కడితే "పాస్టరమ్మకే ఆశీర్వాదం లేదు, మనకేం వస్తుంది" అంటారు. ఈ రెండో మాట నవ్వుతాలుకి రాయలేదు, నా ఎదురుగానే అన్నారు.

మా సంఘంలో ఒక పెద్దాయన చనిపోయినప్పటి సంగతి కూడా చెప్పాలి. వాళ్ల నాన్న, అమ్మ ఊళ్లో పాత మిషన్ సమాధుల తోటలోనే ఉన్నారు. పక్కన పెడదామని వెళితే "మీరు చందా కట్టడం మానేసి ఎన్నేళ్లయింది, మీ సంఘం వాళ్లకి ఇక్కడ చోటు లేదు" అన్నారు అక్కడి పెద్దలు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఐస్ బాక్స్ అద్దె పెరుగుతూ ఉంది, మనిషి ఇంట్లో ఉన్నాడు, మావారు ఒక్కో ఇంటికీ తిరిగి బతిమాలుతున్నారు. చివరికి కాలువ గట్టు మీద పెట్టాం. ఆ కుటుంబం మరుసటి నెలలోనే పాత చర్చికి వెళ్లిపోయింది. వాళ్లని నేను తప్పుపట్టను. ముసలివాళ్లున్న ఇల్లు ముందు సమాధి చూసుకుంటుంది.

సంఘం పెట్టేటప్పుడు కీబోర్డు, సౌండ్, బ్యానర్ గురించి మాట్లాడని మగవాడిని నేను చూడలేదు. పాతిపెట్టే చోటు గురించి ముందుగా మాట్లాడినవాణ్ణి కూడా చూడలేదు.

మిల్లు షిఫ్ట్:

అమ్మా, వందనాలు. మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. సమాధుల సంగతి నిజంగా నా తలకి తట్టలేదు.

మాస్టారూ, పౌలు మాట మీరన్నది సరే. కానీ ఆ రెండు షెడ్ల గురించి మొదట్లో రాయనిది ఒకటుంది. రాయాలా వద్దా అని ఆగాను. ఒక షెడ్డులో ఒక పేట వాళ్లే కూర్చుంటారు, ఇంకో షెడ్డులో ఇంకో పేట వాళ్లే. కాలనీకి రాకముందు వేర్వేరు ఊళ్లలో ఉన్నవాళ్లు, ఇక్కడికొచ్చాక కూడా ఎవరి షెడ్డుకి వాళ్లే సర్దుకున్నారు. మా వాకిట్లో ఇద్దరూ ఉన్నారు. బీసీ కుటుంబాలున్నాయి, రజకులున్నారు, ఒక కాపుల అమ్మాయి తల్లికి తెలియకుండా వస్తుంది. వీళ్లని "ఆ షెడ్డుకి వెళ్లండి" అంటే ఏ షెడ్డుకి పంపను?

పల్లెలో పుట్టినవాడు:

ఇప్పుడు అసలు విషయంలోకి వచ్చారు.

మాస్టారు పునాది అంటున్నారు. ఆ పునాదులు ఎలా పడ్డాయో కూడా చెప్పుకోవాలి. కోస్తాలో బాప్టిస్టులంటే మాదిగపల్లె, లూథరన్లంటే మాలపల్లె అని ఊరంతా లెక్కేసుకునే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. మిషనరీలు కావాలని చేసింది కాదు, ఏ పల్లె పెద్దలు ముందు కలిస్తే ఆ పల్లె వచ్చింది. రెండో పల్లె వేరే మిషన్ దగ్గరికి పోయింది. మా ఊళ్లో రెండు గుళ్లు, రెండు క్రిస్మస్ చెట్లు, రెండు కేరల్స్ గుంపులు. డిసెంబరు రాత్రి రెండు గుంపులూ ఎదురుపడితే ఏ పాట గట్టిగా వినబడాలా అని డప్పు పోటీ. చిన్నప్పుడు మాకు అదే సరదా. పెద్దయ్యాక పెళ్లి సంబంధం దగ్గర అర్థమైంది.

అందుకే మూడో షెడ్డు కాలనీకి అవసరమా అనే లెక్క నాకు అక్కర్లేదు. ఇద్దరూ ఒకే పళ్లెంలో రొట్టె తీసుకునే చోటు ఉందా లేదా? ఉంటే అక్కడికి పంపండి. లేకపోతే పెట్టండి. ఒక్క షరతు. సంఘ పెద్దల్ని ఎన్నుకునే రోజు అన్ని ఇళ్ల నుంచీ ఉండాలి, అందులో ఆడవాళ్లూ ఉండాలి. వాకిట్లో పట్టా మీద అందరూ కలిసి కూర్చోవడం తేలిక. పెద్దరికం పంచుకునే దగ్గర తేలిపోతుంది.

గుంటూరు లూథరన్:

పల్లెలో పుట్టిన తమ్ముడు చెప్పినదాన్ని కాదనను. మా చర్చి రిజిస్టర్లు తీసి చూపిస్తే మీరు ఇంకా గట్టిగా మాట్లాడతారు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. కులం కలిపిన సంఘానికి కూడా లెక్క అడిగేవాడు ఉండాలి. కాపరి చనిపోతే కొడుకు కాపరి, స్థలం భార్య పేరు మీద, బ్యాంకు ఖాతా అల్లుడి పేరు మీద. ఎన్ని చూడలేదు?

ఒంగోలు కుర్రాడు:

ఒంగోలు వాణ్ణి కాబట్టి ఒక మాట. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా లెక్కకు మనుషులు లేరు. అమెరికాలో ఆ పనిని మూసేద్దామని మళ్లీ మళ్లీ చర్చ పెట్టారు. అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది. అప్పటికే తాళ్లకొండపాడు వైపు తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య ఊరూరా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. కాలేజీ చదువు లేదు, దొర జీతం లేదు. ఆ ప్రాంతంలో జనాన్ని కదిలించింది ఆయనే. బైబిల్ కాలేజీ చదువు లేదని బాధపడే బ్రదర్ ఇది గుర్తుపెట్టుకోండి.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం కలిశారనే మాట రాకూడదని. కరువు సహాయం అయిపోయాకే, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి ఇచ్చారు. ఆ పెద్ద అంకె అందరూ చెబుతారు. దానికి ముందు ఆపిన నెలల గురించి ఎవరూ చెప్పరు. మన కాలనీల్లో డిసెంబరులో దుప్పట్లు పంచి, జనవరిలో "ఈ సంవత్సరం ఇన్ని ఆత్మలు" అని ఫ్లెక్సీ వేసేవాళ్లు ఇది చదవాలి.

కువైట్ డ్రైవర్:

మాది కడప జిల్లా, ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్‌ని. మాకు ఆరాధన శుక్రవారం, ఆ రోజే సెలవు కాబట్టి. చర్చి కాంపౌండ్ ఒకటే, ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా హాళ్లు వాడుకుంటాయి. మా తెలుగు ఆరాధన టైమ్ అయిపోయేసరికి తలుపు దగ్గర మలయాళం వాళ్లు గిటార్లు పట్టుకుని నిలబడి ఉంటారు. చివరి పాట కుదించి మేం బయటికి, వాళ్లు లోపలికి. కుర్చీలు మళ్లీ సర్దే పని కూడా లేదు.

ఇళ్లలో పనిచేసే అక్కలు కొందరికి ఆ రెండు గంటలే బయటి గాలి. ప్రసంగం కన్నా ముందు "ఇంటికి డబ్బు పంపావా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది" అని ఒకరినొకరు అడుగుతారు. ఇక్కడ లూథరన్ ఎవరు, పెంతెకొస్తు ఎవరు అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. నేను చెప్పేది ఏంటంటే, మీ కాలనీలో ఆ రెండు షెడ్లూ ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాయి కదా. కొత్త షెడ్డు ఎందుకు బ్రదర్? అడగండి, అద్దెకైనా ఇవ్వమనండి.

రేకుల షెడ్డు కాపరి:

కువైట్ అన్నా, మీ మాట బాగుంది గానీ ఇక్కడ ఎవరూ ఇవ్వరు. ఇస్తే మనుషులు అటు జారిపోతారని భయం. నన్నడిగినా మొదట భయపడతాను, ఒప్పుకుంటున్నాను.

పక్కవీధి వాణ్ణి:

ఇందాక వచ్చి పోతానన్నాను, కానీ ఆగిపోయాను. ఒక సందేహం. ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5,000 ఇస్తోంది, బయటి దేశాల డబ్బు వస్తోంది, అందుకే వీధికో బోర్డు అని మా ఆఫీసులో అందరూ అంటారు. నిజమేనా?

వకీలు, కాకినాడ:

దీనికీ, అసలు ప్రశ్నకీ కలిపి చెబుతాను. ఇలాంటి కాగితాలు కొన్ని చేసి పెట్టాను.

గౌరవ వేతనం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, నిజమే. దానికి సొసైటీ రిజిస్ట్రేషన్, మందిరం స్థలం పత్రాలు అడుగుతారు. అద్దె షెడ్డువాడు అక్కడే ఆగిపోతాడు. వచ్చేవాళ్లకి కూడా నెలనెలా కాకుండా ఆగి ఆగి పడిన రోజులున్నాయి. విదేశీ నిధులకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. దానికి మామూలుగా సంస్థకి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే ముందు రావాలి. పెద్ద సంస్థలకి వస్తుంది, దుర్వినియోగం చేసినవాళ్లూ ఉన్నారు. కానీ వాకిట్లో పట్టా పరిచిన మనిషికి డాలర్లు వస్తున్నాయనుకోవడం అమాయకత్వం.

ఇక మిల్లు షిఫ్ట్ గారికి. కనీసం ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేయించండి, ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 కింద. ఏడుగురిలో మీ ఇంటివాళ్లు ఒకరికి మించి వద్దు. మాస్టారు అడిగిన లెక్కకి మొదటి మెట్టు అదే. బ్యాంకు ఖాతా సొసైటీ పేరు మీద, రెండు సంతకాలతో. ఇంట్లో నలుగురు కూడి ప్రార్థన చేసుకోవడం వేరు, స్థలం కొని మందిరం కట్టడం వేరు. కట్టాలంటే ముందు అధికారుల అనుమతి కావాలి. ప్రభుత్వం ఇంటి కోసం ఇచ్చిన స్థలంలో మందిరం కట్టే ఆలోచన అస్సలు పెట్టుకోవద్దు. పట్టాకే ఎసరొస్తుంది.

పెళ్లిళ్లు: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేకుండా మీరు పెళ్లి జరిపిస్తే ఆ సర్టిఫికెట్ చెల్లదు. పిల్ల వీసాకి వెళ్లినప్పుడు బయటపడుతుంది. లైసెన్సున్న కాపరిని పిలవండి.

చివరిది, కష్టమైనది. మీ వాకిట్లో ఎస్సీ కుటుంబాలున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్నవాళ్లు మన దగ్గర బీసీ-సీలోకి వస్తారు, 1 శాతం రిజర్వేషన్. 2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కేసును, ఆయన మతం మారారు కాబట్టి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా సరే. రేపు మీరు బాప్తిస్మం రిజిస్టర్ తెరిచినప్పుడు "నా పేరు రాయొద్దు అయ్యగారూ, పిల్లాడు డిగ్రీలో ఉన్నాడు" అని అడిగే తల్లి ఉంటుంది. ఆ రోజు ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. ఏం చేయాలో నేను చెప్పను, చట్టం ఏమిటో చెప్పాను.

పల్లెలో పుట్టినవాడు:

వకీలు గారూ, ఆ తల్లి మా అమ్మే. మా ఊరి రెండు గుళ్లలో ఏ రిజిస్టర్‌లోనూ మా పేర్లుండవు. చర్చికి వెళితే కులం పోతుందని చట్టం అంటుంది. మా ఊళ్లో కులం చర్చి దాకా మాతోనే వచ్చింది.

గుంటూరు లూథరన్:

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా సినడ్ (సంఘాల పై సభ) దగ్గరా లేదు.

పాస్టరమ్మ:

వకీలు గారు చెప్పినవన్నీ మా ఆయన ముందు చదివి వినిపించాను. మేం పెళ్లి లైసెన్సు లేకుండా ఎంతకాలం లాగామో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

మిల్లు షిఫ్ట్ తమ్ముడూ, నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.

మిల్లు షిఫ్ట్:

అమ్మా, క్షమించండి, నైట్ షిఫ్ట్ పడింది. మీ పోస్టు మా ఆవిడకి ఫోన్లో చూపించాను. మొత్తం చదివి, "ఈమె ఎవరో గానీ మన ఇంటి కిటికీలోంచి చూసి రాసినట్టుంది" అంది. తర్వాత ఆమె చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. గురువారం ప్రార్థన ఆమెకి ఇష్టమే. ఆదివారం కూడా అంటే మాత్రం మా ఇంట్లో కాదు. నెలకో ఇంట్లో పెట్టుకుంటే సరే, ఎవరింట్లో పెడితే టీ వాళ్లదే. కానుక డబ్బు మా బీరువాలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. నాకు నైట్ షిఫ్ట్ ఉన్న వారం వాక్యం ఇంకొకరు చెప్పాలి, నిద్రమొహంతో నేను నిలబడితే ఆమె ఊరుకోదు.

నాకు ఈ షరతులన్నీ బాగానే ఉన్నాయనిపించింది. కువైట్ అన్న చెప్పినట్టు రెండు షెడ్ల కాపరుల్నీ కలిసి మధ్యాహ్నం వేళ అడుగుతాను. ఇవ్వరని రేకుల షెడ్డు అయ్యగారు అన్నారు గానీ, అడిగితే పోయేదేముంది. మా అయ్యగారి దగ్గరికి కూడా మళ్లీ వెళతాను. ఈసారి "పెడతాను" అనకుండా, మా చర్చి కిందే శాఖగా పంపిస్తారా అని అడుగుతాను. ఆయన ఒప్పుకుంటే సమాధుల తోట సంగతి కూడా తేలుతుంది.

రేకుల షెడ్డు కాపరి:

ఒప్పుకోరు. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చేయండి, సొసైటీ కాగితాలకి నేను ఎవరి దగ్గరికి వెళ్లానో చెబుతాను.

గుంటూరు లూథరన్:

నా మాట మారలేదు తమ్ముడూ, మూడో షెడ్డు వద్దు. కానీ శాఖగా అడుగుతానన్నావు చూడు, అది పాస్టరేట్ కమిటీకి (చర్చి పాలన చూసే పెద్దల కమిటీకి) రాతపూర్వకంగా ఇవ్వు, అయ్యగారికి నోటిమాటగా కాదు. నోటిమాట అయితే ఆయన మళ్లీ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాగితం ఇస్తే మినిట్స్‌లో ఎక్కించి తీరాలి. ఎలా రాయాలో కావాలంటే నమూనా రాసి పెడతాను.

మిల్లు షిఫ్ట్:

పెట్టండి మాస్టారూ. వచ్చే ఆదివారం నాది ఫస్ట్ షిఫ్ట్, చర్చికి అందను. ఆ తర్వాతి ఆదివారం ఇస్తాను.

పక్కవీధి వాణ్ణి:

మైకు?

మిల్లు షిఫ్ట్:

లేదన్నా. తబలా ఒకటి ఉంది, అది పక్కింటివాళ్లదే.